ఈజీఎఫ్‌ఆర్ 52 వచ్చింది, నాయిన కిడ్నీలు సగం పోయినట్టేనా?

మునుగోడు రైతుబిడ్డ:
నాయినకు 63 ఏండ్లు, షుగర్ ఎప్పటినుంచో ఉంది. మొన్న రిపోర్టులో క్రియాటినిన్ (రక్తంలో ఉండే వ్యర్థం) 1.5, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీల వడపోత వేగం అంట) 52 వచ్చింది. అంటే సగమే పనిచేస్తున్నాయా? డయాలసిస్ దాకా పోతదా? నీళ్లు ఎన్ని తాగించాలి? హైదరాబాద్ తీసుకుపోవాలా, నల్లగొండలో చూపిస్తే చాలా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

అచ్చంపేట అక్క:
మీకు ఈజీఎఫ్‌ఆర్ అన్నా రాసిచ్చారు తమ్ముడూ. మా అమ్మకు 72 ఏండ్లు, ఒంట్లో కండ లేదు. క్రియాటినిన్ 1.1 చూసి నార్మల్ అని పంపించేశారు. లెక్క కట్టిస్తే ఈజీఎఫ్‌ఆర్ 53 తేలింది. క్రియాటినిన్ వచ్చేది కండలోంచి. బక్కపలచని ముసలివాళ్లలో అది తక్కువే తయారవుతుంది, కిడ్నీ దెబ్బతిన్నా అంకె పెద్దగా కనిపించదు. ఆ ఒక్క అంకె చూసి ఇంటికి పంపేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది.

పాలమూరు ల్యాబ్:
రోజూ ఈ రిపోర్టులు నా చేతి మీదుగానే పోతాయి కాబట్టి చెప్తున్నా. 52 శాతం కాదు, నిమిషానికి 52 మిల్లీలీటర్లు. ఒక్కో కిడ్నీలో దాదాపు 10 లక్షల నెఫ్రాన్లు, అంటే సన్నని వడపోత గొట్టాలుంటాయి. అన్నీ కలిసి రోజుకు 180 లీటర్ల దాకా వడకట్టి, 99 శాతం మళ్లీ రక్తంలోకే పంపిస్తాయి. వయసులో ఉన్నవాళ్లకు ఈజీఎఫ్‌ఆర్ 90 పైన ఉంటుంది. 60 లోపు మూడు నెలలకు మించి ఉంటే దీర్ఘకాలిక జబ్బు అంటారు. డయాలసిస్ మాట 15 లోపుకు దిగినప్పటిది. రాత్రి దావత్‌లో మటన్ తిని పొద్దున రక్తం ఇచ్చినా క్రియాటినిన్ పెరిగి కనిపిస్తుంది. మళ్లీ చేయించు, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ కూడా చూపించు.

మర్రిగూడ వాసి:
మునుగోడు అన్నాక ఇంకేం ఉంటుంది? ఫ్లోరైడే. మా తాత నడుము వంగిపోయి పోయిండు. ఆ నీళ్లే కిడ్నీలను తిన్నయి.

పాలమూరు ల్యాబ్:
ఫ్లోరైడ్ ముందు పట్టేది పండ్లను, ఎముకలను. దాన్ని బయటికి పంపేది కిడ్నీయే. వడపోత తగ్గినవాళ్లలో అది ఒంట్లో ఎక్కువ నిలుస్తుంది. అందుకే జాగ్రత్త పడాలి. కానీ కిడ్నీ జబ్బుల్లో ఎక్కువ భాగం షుగర్, బీపీల వల్లే. ఆయనకు షుగర్ ఉందని పైన రాసే ఉంది కదా.

మర్రిగూడ వాసి:
ల్యాబ్‌లో కూర్చొని చెప్పుడు అల్కగుంటది. ఇంటికి భగీరథ నీళ్లు వచ్చినా పొలం కాడ ఇప్పటికీ బోరే తాగుతున్నం. వచ్చి ఒక ఎండాకాలం తాగి మాట్లాడు.

మిర్యాలగూడ:
మీ ఇద్దరి పంచాయితీలో అసలు సంగతి పోతుంది. మోకాళ్ల నొప్పికి ఏం మింగుతున్నాడో అడగండి. మా బాబాయి డైక్లోఫెనాక్ బిళ్లలు, ఆర్‌ఎంపీ దగ్గర సూదులు అలవాటు చేసుకున్నాడు. వడపోతకు రక్తం తెచ్చే సన్నని నాళం తెరుచుకొని ఉండటానికి మన ఒంట్లోనే ఒక పదార్థం తయారవుతుంది. ఈ మందులు దాన్ని ఆపేస్తాయి. నాళం ముడుచుకుంటుంది, ప్రెషర్ పడిపోతుంది, వడపోత తగ్గుతుంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు వేసుకుంటే మరీ ప్రమాదం.

దేవరకొండ తమ్ముడు:
ఆర్‌ఎంపీలను అనుడు బంద్ చెయ్యి అన్నా. మా నాన్న ఆర్‌ఎంపీ. తండాలో అర్ధరాత్రి జ్వరం వస్తే ఏ స్పెషలిస్ట్ వస్తడు?

మిర్యాలగూడ:
వచ్చినందుకు దండం పెడతా. క్రియాటినిన్ చూడకుండా సూది మీద సూది ఇచ్చినందుకు మాత్రం ఊరుకోను.

జడ్చర్ల:
మా బాబుకు చిన్న వయసులోనే షుగర్ వచ్చింది. అయినా ఈజీఎఫ్‌ఆర్ 138. కిడ్నీలు గట్టిగా ఉన్నాయి, దేవుడి దయ.

పాలమూరు ల్యాబ్:
అన్నా, షుగర్ కొత్తలో వడపోత మామూలు కంటే ఎక్కువగా ఉండొచ్చు. అది బలం కాదు, నెఫ్రాన్ల మీద పడుతున్న ఒత్తిడి. ఏటా మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి చూపించండి. 30 దాటితే ఈజీఎఫ్‌ఆర్ బాగున్నా డాక్టర్‌ను కలవాల్సిందే.

జడ్చర్ల:
ఈ మాట ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

మునుగోడు రైతుబిడ్డ:
నొప్పి బిళ్లలు వాడుతున్నాడు, ఇయ్యాలే ఆపించిన. నీళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

అచ్చంపేట అక్క:
కాళ్ల వాపు లేకుంటే, డాక్టర్ తగ్గించమనకుంటే దాహానికి తగ్గట్టు తాగనివ్వు. బిందెలు తాగినా పోయిన నెఫ్రాన్లు తిరిగి రావు.

మునుగోడు రైతుబిడ్డ:
సరే అక్కా. ఆ ఆల్బుమిన్ పరీక్షకు మూత్రం ఎప్పుడిది ఇవ్వాలి?

పాలమూరు ల్యాబ్:
పొద్దున లేవగానే పోసేది. జ్వరం ఉన్న రోజు వద్దు.