ఇంగ్లండ్ పల్లె గుట్టల్లో మౌంటెన్ బైక్: ఏ నేల మీద, ఏ కాలంలో?

గుంతకల్లు_టు_రెడింగ్:
అందరికీ నమస్తే. రెడింగ్‌లో ఉంటాను, ఈ దేశం వచ్చి రెండేళ్లయింది. అక్టోబర్‌లో సెకండ్ హ్యాండ్ హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉండే మౌంటెన్ బైక్) ఒకటి కొన్నాను. మొన్న శనివారం ఫోటోలు చూసి మోజుపడి సౌత్ డౌన్స్ గుట్టలకి వెళ్లాను. పీటర్స్‌ఫీల్డ్‌లో ట్రైన్ దిగి బట్సర్ హిల్ వైపు తొక్కాను. ఎత్తు 270 మీటర్లే కదా, మా గుంతకల్లు గుట్టల మీద అట్లాస్ సైకిల్ తొక్కినవాణ్ణి నాకేంటి అనుకున్నా. ఎక్కడం బాగానే ఎక్కాను. దిగేటప్పుడు తెల్లటి సుద్ద మీద ముందు చక్రం సబ్బు మీద కాలేసినట్టు జారింది. మోచెయ్యి గీసుకుపోయింది.

పడ్డందుకు బాధ లేదు. ఆ తర్వాత అడవిలో కాస్త దూరం పోయేసరికి చక్రాలు తిరగడం మానేశాయి. ఫ్రేముకీ టైరుకీ మధ్య బురద చలిమిడి ముద్దలా పట్టేసింది. పుల్లతో గీకడం, పది గజాలు తోయడం, మళ్లీ గీకడం. ఇంతలో నాలుగున్నరకే చీకటి. ట్రైన్‌లో నా పక్క సీటులో ఎవరూ కూర్చోలేదు, వాళ్ల తప్పు కాదు.

జనవరిలో కారు లేనివాడు రెడింగ్ నుంచి ఎక్కడికి వెళ్లాలి? ఇక్కడ తొక్కినవాళ్లు చెప్పండి.

గిల్డ్‌ఫర్డ్_మామ:
తమ్ముడూ, నువ్వు చేసిన తప్పు ఒక్కటే, చలికాలంలో సుద్దనేల మీదికి పోయావు. సౌత్ డౌన్స్, నార్త్ డౌన్స్, చిల్టర్న్స్ గుట్టలు, రిడ్జ్‌వే అనే పొడుగు దారి, ఇవన్నీ సుద్దనేలే. ఎండాకాలంలో సిమెంటు రోడ్డులా ఉంటాయి. తడిస్తే పైపొర పేస్టు అవుతుంది. దానికి బంకమన్ను తోడైతే మన రేగడి చేలో వాన పడ్డాక ఎడ్లబండి తోలినట్టే. రేగడి నల్లగా అంటుకుంటుంది, ఇది తెల్లగా అంటుకుంటుంది, అంతే తేడా.

నవంబర్ నుంచి మార్చి దాకా ఇసుక నేల వెతుక్కో. గిల్డ్‌ఫర్డ్, డోర్కింగ్‌లకి దక్షిణాన ఒక వరస గుట్టలున్నాయి: లీత్ హిల్, హోమ్‌బరీ హిల్, పిచ్ హిల్. అది గ్రీన్‌శాండ్ అనే ఇసుకరాయి, నీళ్లు ఇట్టే ఇంకిపోతాయి. వాన వెలిసిన మర్నాడు కూడా తొక్కొచ్చు. లీత్ హిల్ 294 మీటర్లు, ఈ ప్రాంతంలో అదే పెద్దది. పైనున్న పాత బురుజు ఎక్కితే వెయ్యి అడుగులు దాటుతావు.

రెడింగ్ నుంచి రెడ్‌హిల్ వైపు వెళ్లే ట్రైన్లలో కొన్ని గోమ్‌షాల్‌లో ఆగుతాయి. ఏది ఆగుతుందో ముందే చూసుకో, అన్నీ ఆగవు. అక్కడి నుంచి చిన్న రోడ్డు మీద పీస్‌లేక్ అనే పల్లె. శనివారం పొద్దున ఆ ఊళ్లో మనుషుల కంటే సైకిళ్లే ఎక్కువ. ఊరి కొట్లో చీజ్ స్ట్రాలు తినకుండా రావద్దు. వేడివేడిగా, కారం లేని మురుకు లావెక్కినట్టుంటాయి.

కావలి_కుర్రోడు:
హోమ్‌బరీ మీద 'బ్యారీ నోస్ బెస్ట్' అని ఒక దారి ఉంది, దిగుతుంటే నవ్వు ఆగదు. పక్కనే 'యోగర్ట్ పాట్స్'. వరసగా గుంతలు, పెరుగు గిన్నెలు పేర్చినట్టు. బ్రేకు పట్టావో ఆ గుంతలోనే ఆగిపోతావు, వదిలేస్తే ఊయల ఊగినట్టు పోతుంది.

అమలాపురం_అక్క:
మామయ్యగారు చెప్పింది నిజమే గానీ, మోచెయ్యి కొట్టుకుని వచ్చిన పిల్లాణ్ణి నేరుగా హోమ్‌బరీకి పంపడమెందుకండీ? బాబూ, ముందు బ్రాక్‌నెల్ పక్కన స్విన్లీ ఫారెస్ట్‌కి వెళ్లు. అదీ ఇసుక నేలే. రెడింగ్ నుంచి బ్రాక్‌నెల్‌కి ట్రైన్ ఉంది, స్టేషన్ నుంచి తొక్కుకుంటూ పోవచ్చు. దారులకి రంగులు పెట్టారు: పచ్చది చిన్నపిల్లలకి, నీలం దాదాపు 10 కిలోమీటర్లు, ఎరుపు 13 దాకా. అన్నీ వన్‌వే, కాబట్టి ఎదురుగా ఎవరైనా వస్తారేమోనన్న టెన్షన్ లేదు.

నేను నలభై రెండేళ్లకి మొదలుపెట్టాను. మొదట్లో పిల్లలిద్దరూ ముందు పోయి మలుపు దగ్గర నిలబడి నన్ను చూసి నవ్వేవారు. నీలం దారి ఆరుసార్లు తొక్కాక తెలిసింది, నేను చక్రం ముందున్న రాయినే చూస్తున్నానని. చూపు ఎక్కడుంటే సైకిల్ అక్కడికే పోతుంది. మలుపు చివర చూడటం మొదలుపెట్టాక పడటం తగ్గింది.

నెల్లూరు_నాటు:
రంగులంటే గుర్తొచ్చింది. నా పరువు పోయిన కథ. ఫారెస్ట్‌లో నీలం తొక్కి ధైర్యమొచ్చింది. తర్వాత వారం కాట్స్‌వోల్డ్స్‌లో ఒక పల్లె దగ్గర స్తంభానికి పసుపు బాణం కనపడింది. నీలం కంటే పసుపు తేలికేమో అనుకుని అటు పోయా. రెండు పొలాలు దాటాక ట్రాక్టర్ మీద ఒక పెద్దాయన ఆగి, అరవలేదు, తిట్టలేదు, "ఆ గుర్తు చదవడం వచ్చా?" అన్నాడు. అరిచినా బాగుండేది.

గిల్డ్‌ఫర్డ్_మామ:
నాటూ, ఇది అందరూ చేసే పొరపాటే. ఫారెస్ట్‌లో రంగు ఎంత కష్టమో చెబుతుంది. పొలాల మధ్య బాణం రంగు చెప్పేది ఎవరికి హక్కుందో. పసుపు బాణం ఫుట్‌పాత్, నడిచేవాళ్లకే. నీలం బాణం బ్రైడిల్‌వే, నడకకీ గుర్రాలకీ సైకిళ్లకీ. ఊదా, ఎరుపు బాణాలు బైవేలు, వాటి మీదా తొక్కొచ్చు. బ్రైడిల్‌వే మీద సైకిల్‌కి హక్కు 1968 నాటి కంట్రీసైడ్ చట్టంతో వచ్చింది. అయితే ఒక షరతు ఉంది, నడిచేవాళ్లకీ గుర్రాలకీ మనమే దారివ్వాలి. ఆర్డ్‌నెన్స్ సర్వే (ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ) 1:25,000 మ్యాపులో పొడుగు ఆకుపచ్చ గీతలు బ్రైడిల్‌వే, పొట్టి గీతలు ఫుట్‌పాత్. ఫోన్‌లోని మామూలు మ్యాపుని నమ్మితే మళ్లీ ట్రాక్టర్ పెద్దాయన ఎదురవుతాడు.

గేటు తీస్తే వేయడం మర్చిపోకండి. మన ఊళ్లో గేదెలు పక్కోడి చేలో పడితే ఎంత గొడవో ఇక్కడా అంతే.

స్విండన్_శీనుగాడు:
గుర్రాల సంగతి నేను చెబుతా. వెనక నుంచి వెళ్తుంటే మన సైకిల్ ఫ్రీవీల్ టిక్ టిక్ శబ్దానికే అవి బెదురుతాయి. ఒకసారి నా ముందున్న గుర్రం చెవులు వెనక్కి వాల్చి అడ్డంగా తిరిగింది, పైనున్న పాప మొహం పాలిపోయింది. అప్పట్నుంచి దూరం నుంచే "హలో" అని గట్టిగా అంటాను. మనిషి గొంతు వింటే గుర్రానికి అర్థమవుతుంది. ఆగి, వాళ్లు రమ్మన్నాక మెల్లగా ఎడంగా వెళ్తే వందకి తొంభైమంది థాంక్స్ చెబుతారు.

ఇక తమ్ముడూ, సుద్ద మీద కోపం పెంచుకోకు. జూన్‌లోనో జూలైలోనో, పది రోజులు ఎండ కాశాక, రిడ్జ్‌వేకి రా. మొత్తం దారి ఏవ్‌బరీ దగ్గర నుంచి ఐవింగ్‌హో బీకన్ దాకా 139 కిలోమీటర్లు, గోరింగ్‌కి పడమట సగం సైకిళ్లకి తెరిచే ఉంటుంది. రెడింగ్ నుంచి గోరింగ్‌కి లోకల్ ట్రైన్‌లో పావుగంట. థేమ్స్ వంతెన దాటి స్ట్రీట్లీ పైకి ఎక్కితే ఇక రోజంతా గుట్ట వీపు మీదే. కుడి చేతి వైపు కింద లోయంతా గోధుమ, బార్లీ చేలు. పైన భరత పక్షులు కనపడకుండా కూస్తుంటాయి. ఎడమ వైపు గడ్డి తివాచీ పరిచినట్టు పందెం గుర్రాల మైదానాలుంటాయి, ఎంత ఊరించినా దాని మీదికి పోవద్దు.

పోయిన జూలైలో నేనూ మా బావమరిదీ వెళ్లాం. అఫింగ్టన్ తెల్లగుర్రం దగ్గర కూర్చుని పులిహోర తిన్నాం. కొండవాలు మీద కందకం తీసి సుద్ద నింపి గీసిన గుర్రం, 110 మీటర్ల పొడవు, వయసు మూడు వేల ఏళ్లు. దగ్గర నిలబడితే గుర్రం కనపడదు, ఒక తెల్ల గీత కనపడుతుంది. మా వాడు "ఇంత దూరం తొక్కించి ముగ్గు చూపించావేంటి బావా" అన్నాడు.

ఒక హెచ్చరిక. ఎండిన నేల మీద ట్రాక్టర్ల గాడులుంటాయి, గడ్డి కప్పేసి ఉంటాయి. చక్రం అందులో పడితే పట్టాలెక్కిన రైలే, పక్కకి రాదు. గాడి మారాలంటే ఆగి మారండి.

కావలి_కుర్రోడు:
పంక్చర్ల గురించి ఎవరూ మాట్లాడరేంటి? సుద్దలో చెకుముకి రాళ్లుంటాయి, పగిలితే గాజు పెంకు. నా టైరు పక్కగోడ అంగుళం మేర కోసేసింది. సెప్టెంబర్ వస్తే రైతులు కంచెలు కత్తిరిస్తారు, ఆ ముళ్లన్నీ దారిలోనే. టైర్లు ట్యూబ్‌లెస్ (ట్యూబు బదులు లోపల చిల్లులు పూడ్చే సీలెంట్ ద్రవం) చేయించుకున్నాక ముళ్ల బాధ పోయింది. చెకుముకికి మాత్రం సీలెంట్ చాలదు, స్పేర్ ట్యూబు పెట్టుకోవాల్సిందే. ట్యూబు లేకుండా ఏడు మైళ్లు నడిచినవాడిగా చెబుతున్నా.

అమలాపురం_అక్క:
వేసవిలో నిక్కరు వేసుకుని ఇరుకు దారుల్లో పోకండి. నడుమెత్తు నెటిల్స్ పెరుగుతాయి, మన దురదగొండికి చెల్లెలు. పక్కనే డాక్ ఆకు ఉంటుంది, రుద్దితే తగ్గుతుందంటారు. నాకైతే కాళ్లు పచ్చబడ్డాయి తప్ప మంట తగ్గలేదు. ఇంటికొచ్చాక పిడుదులు పట్టాయేమో మోకాళ్ల వెనక చూసుకోండి. లైమ్ జబ్బు వాటితోనే వస్తుంది. పిడుదు కుట్టినచోట ఎర్రటి వలయంలా పాకితే వెంటనే డాక్టర్‌కి చూపించాలి.

గుంతకల్లు_టు_రెడింగ్:
అందరికీ థాంక్స్. మూడు వారాలు అక్క మాట విని స్విన్లీ నీలం తొక్కాను, నిన్న మామయ్య మాట విని పీస్‌లేక్ వెళ్లాను. ముందు రాత్రంతా వాన. అయినా హోమ్‌బరీ మీద ఇసుక కరకరలాడుతోంది, టైరు ఎక్కడా జారలేదు. 'బ్యారీ'లో రెండు మలుపులు దిగి నడిచాను, మిగతాదంతా తొక్కాను. కిందికి వచ్చేసరికి చీజ్ స్ట్రాలు అయిపోయాయి, కొట్టు బయట ఒకాయన తన దాంట్లో సగం విరిచి ఇచ్చాడు. రిడ్జ్‌వేకి జూన్ దాకా ఆగుతాను, శీను అన్నా, పులిహోర బాధ్యత నాది.

ఒక్క డౌటు. వేర్ల మీద వెనక చక్రం బంతిలా ఎగురుతోంది. టైర్లలో గాలి 40 psi పెట్టాను. ఎంత ఉండాలి?

కావలి_కుర్రోడు:
40 అంటే రోడ్డు మీదికి పోతున్నావా బ్రో? ముందు నీ బరువు చెప్పు.