టోక్యోలో సోఫియా విశ్వవిద్యాలయం: జేవియర్ కలా, ప్రొటెస్టెంట్లతో పోటీనా?

చరిత్రప్రియ:
సోఫియా (జపానువాళ్లకు జోచి) విశ్వవిద్యాలయం గురించి ఎవరు రాసినా ఒకటే పల్లవి. 1549లో జపానులోని కగోషిమాలో దిగిన జెస్యూట్ (కాథలిక్ మతసంఘం) ప్రచారకుడు ఫ్రాన్సిస్ జేవియర్ ఆ దేశ రాజధానిలో విద్యాపీఠం ఉండాలని కలగన్నాడట, 1913లో అది నిజమైందట. ఇది తర్వాత అల్లిన కథ అని నా అనుమానం. జపానులోనే రిక్క్యో విద్యాసంస్థ 1874లో, దోషిషా 1875లో మొదలయ్యాయి. రెండూ ప్రొటెస్టెంట్లవే. ఉన్నత విద్యలో వెనకబడ్డామన్న ఉక్రోషమే కాథలిక్కులను కదిలించింది.

తూర్పుగాలి:
ఉక్రోషమే అయితే ముప్పై ఏళ్లకు పైగా చేతులు ముడుచుకుని కూర్చుంటారా అండీ? వచ్చిన మనుషులను చూడండి. ఈ విద్యాపీఠం పెట్టడానికి 1908లో దిగిన ముగ్గురు జెస్యూట్లలో యోజెఫ్ డాల్మన్ జర్మన్, సంస్కృత పండితుడు. మహాభారతం ముక్కలు అతికించిన గ్రంథం కాదు, మొత్తం ఒకే రచన అని 1895లోనే పుస్తకం రాసి వాదించాడు. మన భారతం కోసం యూరప్ పండితులతో తలపడ్డవాడు పక్క దుకాణం మీద పోటీకి టోక్యో వెళ్లాడంటే నేను నమ్మను.

చరిత్రప్రియ:
డాల్మన్ పాండిత్యానికి నమస్కారం. కానీ పంపింది రోమ్ కదా! అంత ఆలస్యం ఎందుకంటారా? 1905లో జపాను రష్యాను ఓడించింది. ఆ ఏడాదే పోప్ పదవ పయస్ తన దూతగా బిషప్ ఓకానెల్‌ను మెయిజీ చక్రవర్తి దగ్గరికి పంపాడు. ఇక తెరిచిన శాఖలు చూడండి: తత్వశాస్త్రం, జర్మన్ సాహిత్యం, వాణిజ్యం. జేవియర్ కలలో వాణిజ్య శాఖ కూడా ఉందా?

కృష్ణాతీరం:
ఇద్దరూ 1913 దగ్గరే ఆగిపోయారు. అప్పుడు తెరిచింది చట్టప్రకారం ‘సెన్మోన్ గక్కో’, అంటే వృత్తి, ప్రత్యేక విద్యల కళాశాల. విశ్వవిద్యాలయ హోదా వచ్చింది 1928లో. ఈ మధ్యలో ఏం జరిగిందో చూడండి. 1914లో జపాను జర్మనీ మీద, అంటే డాల్మన్ దేశం మీదే, యుద్ధానికి దిగింది. టోక్యో కియోయిచోలో ఈ కళాశాల ఎర్ర ఇటుకల భవనానికి నమూనా గీసినవాడు యాన్ లెట్జెల్. ఈనాటి హిరోషిమా అణుబాంబు గుమ్మటం కూడా అతని భవనమే. 1923 భూకంపం ఆ ఎర్ర భవనాన్ని దెబ్బతీసింది. పోటీకోసం పెట్టినవాళ్లయితే అప్పుడే మూటాముల్లె సర్దుకునేవారు.

చరిత్రప్రియ:
సర్దుకోకపోవడం మొండితనం. మెచ్చుకుంటాను, కానీ దానికి జేవియర్‌ను సాక్ష్యం పిలవనక్కర్లేదు. ఆయన కోరింది అప్పటి రాజధాని మియాకోలో, అంటే నేటి క్యోటోలో. అక్కడ 1875 నుంచి ఉన్నది దోషిషా!