మొహం నున్నగా ఉండట్లేదు, మంగు పెరుగుతోంది, అసలు ఏం రాయాలి ఏం మానాలి?

నిజాంపేట_స్కూటీ:
హాయ్ అందరికీ. నాకు 34. నిజాంపేటలో ఉంటాం, ఆఫీస్ రాయదుర్గం, పోనూ రానూ స్కూటీ మీదే. పాప పుట్టాక బుగ్గల మీద మంగు మచ్చలు వచ్చాయి, ఈ ఎండాకాలం నుంచి నుదుటి మీద కూడా లైట్‌గా కనిపిస్తున్నాయి. మచ్చలు అలా ఉంచితే చెయ్యి పెట్టి చూస్తే మొహం గరుగ్గా తగులుతోంది, ముక్కు పక్కన పొట్టు లేస్తుంది, మధ్యాహ్నానికి అదే ముక్కు మీద జిడ్డు. ఇది డ్రై స్కిన్నా ఆయిలీ స్కిన్నా నాకే తెలియట్లేదు.

బాత్రూమ్ షెల్ఫ్‌లో నయాసినమైడ్, విటమిన్ సి, ఎర్రగా ఉండే పీలింగ్ సీరం, వాల్‌నట్ స్క్రబ్ అన్నీ ఉన్నాయి. అమ్మ ఇవన్నీ పారేసి సున్నిపిండి రాయమంటుంది, పార్లర్ ఆవిడ బ్లీచ్ చేసి ట్యాన్ ప్యాక్ వేద్దాం మేడమ్ అంటుంది, టీమ్‌లో ఒకమ్మాయి ముప్పై దాటితే ముడతలకి రాసే రెటినాల్ లేకుండా కుదరదు అంటుంది. మొన్న మా వీధి చివర మెడికల్ షాప్‌లో అడిగితే చిన్న ట్యూబ్ ఇచ్చి "అందరూ ఇదే తీసుకెళ్తారు, వారంలో మీకే తేడా తెలుస్తుంది" అన్నాడు. ఇంకా మూత తీయలేదు, మీరు చెప్పాక చూద్దామని. శ్రావణంలో మా ఆడపడుచు పెళ్ళి ఉంది, ఫోటోల సంగతి మీకు తెలిసిందే కదా. పైగా మాకు వచ్చేవి బోరు నీళ్ళు, సగం రోజులు ట్యాంకర్. నీళ్ళ వల్లే అంటారా?

మందుల_కౌంటర్:
మేడమ్, ముందు ఆ ట్యూబ్ మీద కాంపోజిషన్ చదవండి. చిన్న అక్షరాలు, ఫోన్‌లో ఫోటో తీసి జూమ్ చేయండి. మోమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్ వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడ్ క్రీమ్. నేను కూకట్‌పల్లిలో మెడికల్ షాప్ కౌంటర్ మీదే ఉంటా కాబట్టి చెప్తున్నా, "వారంలో తేడా" అన్నాడంటే నా అనుమానం అదే.

తేడా నిజంగానే వస్తుంది, అక్కడే ఉంది తిరకాసు. స్టెరాయిడ్ చర్మంలో రక్తనాళాలని కుదిస్తుంది, వాపు ఎరుపు తగ్గిస్తుంది, అందుకని మొహం తెల్లబడినట్టు కనిపిస్తుంది. ఆపకుండా రాస్తూ పోతే చర్మం పల్చబడుతుంది, బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, మొటిమలు, కొంతమందికి సన్నటి వెంట్రుకలు కూడా. సరే ఆపేద్దాం అనుకుంటే మంట, ఎరుపు, దురద, దాంతో మళ్ళీ అదే ట్యూబ్ కోసం వస్తారు. మా కౌంటర్ దగ్గరికి ఇలా వచ్చేవాళ్ళు ఎండలో నిలబడలేరు, మొహం కడుక్కున్నా మండుతోంది అంటారు. డాక్టర్లు దీనికి స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న మొహం అని పేరే పెట్టేశారు, అంత కామన్ మన దేశంలో. 2018లో ఇలాంటి క్రీములని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చారు, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలి. ఎంతమంది అడుగుతున్నారో ఎంతమంది ఇస్తున్నారో మీరే చూస్తున్నారు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, మంగుకి డాక్టర్లు కూడా స్టెరాయిడ్ కలిసిన మూడు మందుల క్రీమ్ రాస్తారు. కాకపోతే కొన్ని వారాలే, రాత్రి పూట, మచ్చ వరకే, మధ్యలో పిలిచి చూస్తూ. ఫేస్ క్రీమ్‌లాగా రోజూ మొహమంతా పూసుకోమని కాదు.

ఉప్పల్_పోరడు:
అక్కా గా ట్యూబ్ పారెయ్. మా దోస్తుకు తొడ కాడ తామర అయితే గిట్లనే షాపోడు ఇచ్చింది రాసిండు, మొదలు మస్తు తగ్గింది అన్నడు, తర్వాత నడుం దాకా పాకింది. డాక్టర్ చూసి నువ్వు తామరకు స్టెరాయిడ్ రాస్తే ఫంగస్‌కు పండగే గదరా అన్నడట.

నీళ్ళ ముచ్చటకొస్తే మాకు కూడ బోరే. బకెట్ అంచుకు తెల్లగ గార కడ్తది, షవర్ల సగం బొక్కలు బంద్. గవే నీళ్ళతోటి మొహం కడుగుతున్నం మరి, గరుకు గాక ఏమైతది?

స్కిన్_ఓపీ_సిస్టర్:
నీళ్ళ వాటా ఉంది కానీ తప్పు మొత్తం నీళ్ళ మీద తోసేయలేం. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, మామూలు సబ్బు వాటితో కలిస్తే నురగ రాదు, జిగటగా ఒక పొర అవుతుంది, అది ఎంత కడిగినా కొంత చర్మం మీదే ఉండిపోతుంది. సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది, చర్మానిది 5 చుట్టుపక్కల. అందుకని మొహానికి సబ్బు మానేసి సోప్ ఫ్రీ క్లెన్సర్ వాడితే బోరు నీళ్ళలో కూడా ఆ పొర కట్టదు. చివర్లో ఒక మగ్గు తాగే నీళ్ళు పోసుకుంటారు కొందరు, చేస్తే మంచిదే. షవర్‌కి తగిలించే ఫిల్టర్లతో గట్టి నీళ్ళు మెత్తబడిపోతాయని ఆశ పెట్టుకోకండి, వాటిలో చాలావరకు క్లోరిన్, మట్టి పట్టేవే.

ఇప్పుడు అసలు సంగతి. అక్కా, మీకు తలలో చుండ్రు ఉందా? ముక్కు పక్కన మడతల్లో, కనుబొమ్మల్లో పొట్టు లేస్తూ అదే చోట జిడ్డుగా కూడా ఉంటే అది చాలాసార్లు సెబోరిక్ డెర్మటైటిస్, అంటే చుండ్రు మొహం మీదికి దిగడం. దానికి మాయిశ్చరైజర్ ఒక్కటే సరిపోదు, స్క్రబ్ చేస్తే ఇంకా రేగుతుంది. డాక్టర్ చూసి యాంటీ ఫంగల్ ఇస్తారు, తలకి కీటోకోనజోల్ షాంపూ. చుండ్రు లేదూ అంటే అప్పుడు ఆ ఎర్ర పీలింగ్ సీరం మీద అనుమానపడాలి. అందులో ఉండే యాసిడ్, దాని మీద విటమిన్ సి, మళ్ళీ వాల్‌నట్ పెంకుల స్క్రబ్, ఇన్ని కలిస్తే ఎంత మంచి చర్మమైనా పొట్టు లేస్తుంది. స్క్రబ్ ఈరోజే తీసేయండి, మిగతా సీసాలు ఒక నెల మూత పెట్టి ఉంచండి.

ఎండలో_డ్యూటీ:
నేను ఫీల్డ్ సేల్స్, రోజంతా రోడ్ల మీదే, కాబట్టి సన్‌స్క్రీన్ గురించి నేను చెప్తా. మంగుకి అన్నిటికంటే ముందు కావాల్సింది ఇదే, ఇది లేకుండా ఎన్ని వేల సీరం రాసినా ఎండ పొద్దున్నే వచ్చి చెరిపేస్తుంది. ఎస్‌పీఎఫ్ 30 అయితే ఎండలో చర్మాన్ని కమిల్చే యూవీబీ కిరణాల్లో సుమారు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98, కాబట్టి 100 అని రాసిన దాని కోసం డబ్బులు తగలేయక్కర్లేదు. ముడతలు తెచ్చేది ముఖ్యంగా యూవీఏ, దానికి పీఏ పక్కన ప్లస్ గుర్తులు చూడండి, మూడో నాలుగో ఉండాలి.

అందరూ చేసే పొరపాటు ఎంత రాయాలన్న దాంట్లో ఉంటుంది. బఠాణీ గింజంత తీసుకుని మొహమంతా పులిమేస్తే ఆ 50 మీ మొహం మీద పదో పదిహేనో అయి కూర్చుంటుంది. చూపుడు వేలు, మధ్య వేలు, రెండిటి పొడుగునా రెండు గీతలు పిండండి, అంత పడుతుంది మొహానికీ మెడకీ. ఒకేసారి రాస్తే తెల్లగా తేలుతుంది కాబట్టి సగం రాసి, జడ వేసుకుని వచ్చి మిగతా సగం రాయండి. బయల్దేరే ముందు ఒక పావుగంట టైమ్ ఇవ్వండి. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ, ఆఫీసులో కిటికీకి దూరంగా కూర్చుంటే మాత్రం లంచ్‌కి బయటికి వెళ్ళే ముందు, సాయంత్రం బయల్దేరే ముందు వేసుకుంటే చాలు.

స్కూటీ వాళ్ళకి చున్నీ గురించి ఒక మాట. మన అమ్మాయిలు కళ్ళు తప్ప మొహమంతా చుట్టేసి ఇంక సన్‌స్క్రీన్ ఎందుకు అంటారు. ఆ చున్నీని ట్యూబ్‌లైట్‌కి అడ్డం పెట్టి చూడండి, వెలుతురు గళ్ళు గళ్ళుగా కనిపిస్తే ఎండ కూడా అలాగే దిగుతుంది. షిఫాన్, నెట్ అయితే చెప్పనే అక్కర్లేదు. నేత దట్టంగా ఉన్న ముదురు రంగు కాటన్ చుట్టుకోండి, లోపల సన్‌స్క్రీన్ ఉండాల్సిందే. చున్నీ రోజూ ఉతకాలి కూడా, పొగ, దుమ్ము, చెమట పట్టిన అదే బట్ట మర్నాడు మళ్ళీ బుగ్గలకి రాసుకుంటే మొటిమలు రాకుండా ఉంటాయా.

కార్లో వెళ్ళేవాళ్ళకి కూడా. అద్దం యూవీబీని ఆపుతుంది కానీ పక్క అద్దాల్లోంచి యూవీఏ చాలావరకు లోపలికి వస్తుంది. 2012లో ఒక మెడికల్ జర్నల్‌లో 28 ఏళ్ళు డెలివరీ ట్రక్కు నడిపిన ఒకాయన ఫోటో వేశారు, కిటికీ వైపున్న ఎడమ బుగ్గంతా ముడతలు పడి వేలాడుతోంది, కుడి వైపు చూస్తే ఇంకో మనిషి అనిపిస్తుంది. మనకి స్టీరింగ్ కుడి వైపు కాబట్టి కుడి బుగ్గ చూసుకోవాలి.

తార్నాక_పిన్ని:
అమ్మాయీ, మీరంతా సున్నిపిండిని మరీ తీసిపారేయకండి. మా ఇంట్లో ఇప్పటికీ పెసలు, శనగపప్పు, కాసిన్ని బియ్యం, ఎండు గులాబీ రేకులు, కచ్చూరాలు, బావంచాలు, కస్తూరి పసుపు అన్నీ ఎండబెట్టి మర పట్టిస్తాం, మళ్ళీ జల్లెడ పడతాం. మా అత్తగారికి ఎనభై దాటినా ఒళ్ళు పట్టులా ఉండేది. ఆవిడ ఏ సీరం రాసిందమ్మా? మొహానికి మీగడలో కలిపి పట్టించి, నిమ్మచెక్కతో రుద్దితే నలుపు విరుగుతుంది.

స్కిన్_ఓపీ_సిస్టర్:
పిన్ని గారూ, ఒంటికి సున్నిపిండి నేనూ వాడతాను, నూనె రాసుకుని నలుగు పెట్టుకుంటే దానికి సాటి లేదు. కానీ మంగు ఉన్న మొహానికి మాత్రం అందులో బావంచాలు వద్దండి. వాటిలో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది, అది ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కమిలి నల్లబడుతుంది. బొల్లి మచ్చలకి మందుగా వాడేది కూడా అందుకే, రంగు తెప్పించడానికి. మంగు ఉన్నవాళ్ళకి కావాల్సింది దానికి పూర్తిగా రివర్స్. తమాషా ఏంటంటే అదే బావంచాల నుంచి బకుచియోల్ అని తీసి, రెటినాల్‌కి బదులు అని చిన్న సీసాల్లో అమ్ముతున్నారు. శుద్ధి చేసిన బకుచియోల్ వేరు, గింజలు పొడి కొట్టి పూయడం వేరు.

నిమ్మచెక్క కూడా అంతే, రసం మొహం మీద ఉండగా ఎండలోకి వెళ్తే బొబ్బలు లేచి నల్ల మరకలు పడతాయి. ఇక మీ అత్తగారి సంగతి, ఆవిడ ఎనభై ఏళ్ళూ మిట్టమధ్యాహ్నం స్కూటీ మీద సిగ్నల్ దగ్గర నిలబడలేదు కదండీ 🙂

తార్నాక_పిన్ని:
అదీ నిజమేలే. ఆవిడ వాకిలి దాటితే తల మీద కొంగు ఉండాల్సిందే.

నిజాంపేట_స్కూటీ:
బాబోయ్, ట్యూబ్ జూమ్ చేసి చూశా. మోమెటాసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ మూడూ ఉన్నాయి. షాప్‌లో తిరిగి ఇచ్చేస్తా. సిస్టర్, చుండ్రు ఉంది, చలికాలంలో ఎక్కువ, రెండిటికీ సంబంధం ఉంటుందని ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఇంకో రెండు అడగాలి. రెటినాల్ మొదలుపెట్టాలా వద్దా? మెడ వెనక కూడా నల్లగా ఉంది, పీచుతో ఎంత తోమినా పోవట్లేదు, దానికేంటి?

స్కిన్_ఓపీ_సిస్టర్:
మెడ గురించి ముందు చెప్తా, అది తోమితే పోయేది కాదు. నలుపుతో పాటు చర్మం కాస్త మందంగా, మెత్తగా మఖ్మల్ బట్టలా తగులుతుంటే అది ఎక్కువసార్లు ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం వల్ల వస్తుంది. ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా? మీరు ఒకసారి ఫాస్టింగ్ షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ టెస్ట్) చేయించుకోండి. పీచు పక్కన పెట్టేయండి, రాపిడికి ఇంకా నల్లబడుతుంది. బరువు, షుగర్ దారిలోకి వస్తే మెడ కూడా మెల్లగా తేలికపడుతుంది.

రెటినాల్ మంచిదే, ముడతలకి, గరుకుదనానికి బాగా పరీక్షించినవి ఆ రకం మందులే. కానీ మీ చర్మం ఇప్పుడు దానికి రెడీగా లేదు. పొట్టు లేవడం పూర్తిగా ఆగాక, రాత్రి పూట, వారానికి రెండుసార్లు, బఠాణీ గింజంత మొహం మొత్తానికి. మొదట్లో కాస్త ఎండినట్టు అవుతుంది, ముందు మాయిశ్చరైజర్ రాసి దాని మీద రాస్తే తట్టుకుంటుంది. ఫలితం రెండు మూడు నెలలకి గానీ కనపడదు, కాబట్టి శ్రావణం పెళ్ళిని లెక్కలోంచి తీసేయండి. ఇంకో బిడ్డ కోసం ప్లాన్ చేస్తుంటే మాత్రం అస్సలు ముట్టుకోవద్దు, ఆ టైమ్‌లో మంగుకి డాక్టర్లు అజెలాయిక్ యాసిడ్ లాంటివి ఇస్తారు.

ప్రస్తుతానికి పొద్దున క్లెన్సర్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, రాత్రి క్లెన్సర్, తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్. ఇంతే. సన్‌స్క్రీన్ టింట్ (కాస్త చర్మం రంగు) ఉన్నది తీసుకోండి, అందులో ఐరన్ ఆక్సైడ్ ఉంటుంది, మంగుని పెంచేది ఒక్క యూవీయే కాదు, మామూలు వెలుతురు కూడా, దాన్ని తెల్ల సన్‌స్క్రీన్ సరిగా ఆపలేదు. ఆ విటమిన్ సి సీసా రంగు చూడండి, టీ డికాక్షన్ రంగుకి వచ్చేసి ఉంటే దాని పని అయిపోయినట్టే. ఒక్కసారి స్కిన్ డాక్టర్‌కి చూపించండి, ప్రైవేట్‌లో ఫీజు ఎక్కువ అనిపిస్తే ఉస్మానియాలో, గాంధీలో స్కిన్ ఓపీ ఉంది, పొద్దున్నే వెళ్ళాలి, లైన్ ఉంటుంది. పెళ్ళి దగ్గర పెట్టుకుని కొత్త ఫేషియల్, బ్లీచ్ మాత్రం చేయించుకోకండి. రంగు కోసం గ్లూటాథయోన్ ఇంజెక్షన్ వేస్తాం అని ఎవరైనా ప్యాకేజీ చెప్తే లేచి వచ్చేయండి.

మందుల_కౌంటర్:
దానికి తోడు ఇంకోటి. తయారీ వాళ్ళ పేరు, బ్యాచ్ నంబర్ ఏదీ లేకుండా డబ్బాల్లో వచ్చే తెల్లబరిచే క్రీములు కొన్నిట్లో పాదరసం ఉంటుంది. కేరళలో మలప్పురం వైపు 2023లో కిడ్నీ దెబ్బతిన్న వాళ్ళని ఆరా తీస్తే చాలామంది అలాంటి క్రీములే వాడుతున్నారని తేలింది. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఇవి చేతులు మారుతూనే ఉంటాయి, చుట్టాలు ఎవరైనా గల్ఫ్ నుంచి తెచ్చాం అని ఇచ్చినా సరే.

ఉప్పల్_పోరడు:
మగోళ్ళకు సన్‌స్క్రీన్ వేరే ఉంటదా? బండి మీద తిరిగి తిరిగి హెల్మెట్ గీత కాడికి ఒక రంగు, కిందికి ఒక రంగు అయింది నాకు.

ఎండలో_డ్యూటీ:
వేరే ఏం లేదు తమ్ముడూ, అదే. ఫర్ మెన్ అని నల్ల డబ్బాలో పెడితే రేటు పెరుగుతుంది అంతే. గడ్డం ఉంటే జెల్ టైప్ తీసుకో, క్రీమ్ అయితే వెంట్రుకల్లో తెల్లగా ఇరుక్కుంటుంది. చెవులకీ, మెడ వెనక్కీ కూడా రాయి, బండి వాళ్ళు అక్కడే మర్చిపోతారు.