హార్డెన్ – మోరీ గొడవలో మాట తప్పింది ఎవరు?

ఫిల్లీ_సీను:
పాత గొడవే, కానీ నాకింకా మింగుడు పడట్లేదు. ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఆటగాడు జేమ్స్ హార్డెన్‌కీ, అప్పట్లో అతని టీమ్ ఫిలడెల్ఫియా (ఫిల్లీ) వ్యవహారాలు చూసే డారిల్ మోరీకీ మధ్య గొడవ గురించే. నా ఉద్దేశంలో తప్పు టీమ్‌దే. 2022లో హార్డెన్‌కి 47 మిలియన్ డాలర్ల ఆప్షన్ (కాంట్రాక్ట్‌ని ఇంకో ఏడాది కొనసాగించుకునే హక్కు) చేతిలో ఉంది. అది వదిలేసి 33 మిలియన్లకి సంతకం పెట్టాడు. ఆ వెసులుబాటుతోనే ఇంకో ఇద్దరు ఆటగాళ్లు పి.జె. టక్కర్‌నీ డాన్యుయెల్ హౌస్‌నీ తెచ్చుకున్నారు. తర్వాత పెద్ద కాంట్రాక్ట్ ఇస్తామన్నారనే నా నమ్మకం, ఏడాది తిరిగేసరికి దాని ఊసే లేదు. 2023 జూన్ చివర్లో 35.6 మిలియన్ల ఆప్షన్ తీసుకుని, లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్ టీమ్‌కి ట్రేడ్ చేసి (ఆటగాళ్ల మార్పిడిలో) పంపించేయమన్నాడు. ఆగస్టులో టీమ్ ఆ బేరాలు ఆపేసింది. దాంతో చైనాలో మైకు పట్టుకుని 'డారిల్ మోరీ అబద్ధాలకోరు, అతనున్న చోట నేనుండను' అనేశాడు. లీగ్ లక్ష డాలర్ల జరిమానా వేసింది. జీతం తగ్గించుకున్నవాడికి జరిమానా, తగ్గించుకోమన్నవాళ్లకి ఏమీ లేదు. ఇదేం న్యాయం?

జోన్‌డిఫెన్స్:
సీనూ, 'పెద్ద కాంట్రాక్ట్ ఇస్తామన్నారు' అంటున్నావు. అది ఎక్కడైనా కాగితం మీద ఉందా? ఉండదు, ఉండకూడదు కూడా. ఈ ఏడు తక్కువ తీసుకో, వచ్చే ఏడు చూసుకుంటాం అని లోపాయికారీగా ఒప్పుకోవడం శాలరీ క్యాప్‌ని (టీమ్ జీతాల మొత్తానికి లీగ్ పెట్టిన పరిమితి) ఎగ్గొట్టడమే. ఇలాగే ఆటగాడు జో స్మిత్‌తో రహస్య ఒప్పందం చేసుకున్నందుకు 2000లో మిన్నెసోటా టీమ్‌కి 3.5 మిలియన్ల జరిమానా వేసి, ఐదు ఫస్ట్ రౌండ్ పిక్‌లు (కొత్త ఆటగాళ్లని మొదటి వంతులో ఎంచుకునే అవకాశాలు) లాగేసుకున్నారు (తర్వాత కొన్ని తిరిగిచ్చారు లెండి). అంటే మోరీ నిజంగా మాటిచ్చి ఉంటే ఇద్దరూ దొంగలే. ఇవ్వకపోతే హార్డెన్‌కి అడిగే హక్కే లేదు. ఇంకోటి, లీగ్ విచారణలో హార్డెన్‌నే అడిగితే తేలిందేంటి? ఆ 'అబద్ధం' జీతం గురించి కాదు, తనని ట్రేడ్ చేయట్లేదన్న కోపం. నువ్వు చెప్పే త్యాగం కథ అతని నోట్లోంచే రాలేదు.

బెంచ్‌మీద_బాబాయ్:
2021 జనవరిలో హార్డెన్ తన టీమ్ హ్యూస్టన్ తనకి వద్దన్నాడు. 2022 ఫిబ్రవరిలో బ్రూక్లిన్ వద్దన్నాడు. 2023లో ఫిల్లీ వద్దన్నాడు. ప్రతిసారీ ఎదుటివాళ్లదే తప్పంటే ఎలా నాయనా?

కావ్య_ఎన్‌జె:
బాబాయ్ గారూ, ఆటగాడు మూడుసార్లు అడిగితే లెక్కపెడతారు. టీములు అడగకుండా ఎంతమందిని పంపించేశాయో ఎవరైనా లెక్కపెట్టారా? 2018లో టొరంటో టీమ్ ఆటగాడు డెరోజన్‌ని చూడండి. నిన్ను ట్రేడ్ చేయం అని తనతో అన్నారని అతనే చెప్పాడు, కొద్దిరోజులకే శాన్ ఆంటోనియోకి పంపేశారు. అప్పటి టొరంటో అధ్యక్షుడు మసాయి ఉజిరి సారీ చెప్పి ఊరుకున్నాడు. రూపాయి జరిమానా లేదు.

హార్డెన్‌కి ఉన్న దారులేంటో కూడా చూడండి. కాంట్రాక్ట్ ఆఖరి ఏడాదిలో 30 రోజులకి మించి ఆడనని కూర్చుంటే, కాంట్రాక్ట్ పూర్తిచేసినట్టు లెక్కలోకి రాదు, ఫ్రీ ఏజెంట్ (ఏ టీమ్‌లోనైనా చేరగల ఆటగాడు) అవ్వలేడు. బాండ్ రాయించుకుని సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకునే కన్సల్టెన్సీల్లాంటి రూలు ఇది. బయటికి రావడానికి నోరు తప్ప ఇంకేం మిగిలింది? అక్టోబర్లో సీజన్ మొదలయ్యే ముందు అతను టీమ్‌తో మిల్వాకీ వెళ్తానంటే, రావద్దన్నది టీమే.

జోన్‌డిఫెన్స్:
కావ్య గారూ, బాండ్ కుర్రాడికి 35.6 మిలియన్లు ఎవరిస్తున్నారండీ! ఆ ఆప్షన్ తీసుకోమని ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. వదిలేసుంటే ఆ వేసవిలోనే ఫ్రీ ఏజెంట్. డబ్బున్న హ్యూస్టన్ మూడేళ్లకి దాదాపు 130 మిలియన్లు ఇచ్చింది హార్డెన్‌కి కాదు, ఇంకో ఆటగాడు ఫ్రెడ్ వాన్‌వ్లీట్‌కి. 34 ఏళ్లకి వస్తున్నవాడికి మార్కెట్లో గిరాకీ లేదని అతనికీ తెలుసు, అందుకే ఆప్షన్ తీసుకున్నాడనుకుంటా. డబ్బూ నాకే కావాలి, టీమూ నేనే ఎంచుకుంటానంటే ఎలా?

ఫిల్లీ_సీను:
గిరాకీ లేదంటావు, 2024లో క్లిప్పర్స్ రెండేళ్లకి 70 మిలియన్లు ఇచ్చింది. 2025లో ఆల్ ఎన్‌బీఏ థర్డ్ టీమ్‌లో (ఏడాదికి మేటి పదిహేను మందిలో) ఉన్నాడు. అయిపోయిన ఆటగాడా అతను?

జోన్‌డిఫెన్స్:
70ని రెండుతో భాగించు. ఏడాదికి 35. మోరీ దగ్గర ఉన్న రేటే కదా అది?

కావ్య_ఎన్‌జె:
రేటు సంగతి సరే. ఎవరిని తేవడానికి హార్డెన్ జీతం తగ్గించుకున్నాడో, ఆ టక్కర్‌ని కూడా చివరికి హార్డెన్‌ని పంపిన ట్రేడ్‌లోనే క్లిప్పర్స్‌కి అంటగట్టారు. టక్కర్ ఎవర్నీ ఏమీ అడగలేదు. అతని గురించి ఇక్కడ ఒక్కరూ మాట్లాడరేం?

బెంచ్‌మీద_బాబాయ్:
బదులుగా క్లిప్పర్స్ నుంచి బటూమ్ వచ్చాడుగా అమ్మా! 2024 ప్లే-ఇన్‌లో (ప్లేఆఫ్స్‌కి అర్హత మ్యాచ్) మయామీ మీద 20 పాయింట్లు కొట్టింది అతనే. నాకైతే ఆ ట్రేడ్ గిట్టుబాటే.