బొబ్బిలి కథను చరిత్ర అనొచ్చా?

తామ్రపత్రం:
1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం పూసపాటి విజయరామరాజు కలిసి బొబ్బిలి కోట మీద పడ్డారు. కోట కూలింది. రాణివాసాన్ని లోపలివాళ్లే చంపుకున్నారు. మూడు రాత్రుల తర్వాత విజయరామరాజు తన డేరాలో హతుడయ్యాడు. ఇంతవరకే చరిత్ర. తాండ్ర పాపారాయుడి గర్జనలూ శపథాలూ బుర్రకథ. చరిత్ర కావాలంటే ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ ఇంగ్లీషులో రాసిపెట్టాడు, చదువుకోండి.

వేగావతి:
ఓర్మ్ ఏమైనా బురుజు మీద కూర్చుని రాశాడా మాస్టారూ? యుద్ధంనాటికి ఆయన మద్రాసులో కంపెనీ కౌన్సిల్ సభ్యుడు. ఈ సంగతులున్న సంపుటం అచ్చయింది 1778లో, లండన్‌లో. ఇక్కడి ఏడుపు ఎన్ని నోళ్లూ ఎన్ని భాషలూ దాటి ఆ కాగితం మీదికి చేరిందో! దాటిన ప్రతిచోటా ఒక దుబాసీ. వాడికీ ఎవరి ఉప్పో ఉంటుంది. మన కథలో బుస్సీ దివాను హైదరుజంగు మీద అంత కసి ఊరికే లేదు. దొరకూ రాజులకూ మధ్య మాట నడిచేది ఆయన చేతుల మీదుగానే. తర్జుమా చేసేవాడి చేతిలో ఎంత బలం ఉందో కథకుడు పట్టుకున్నాడు. (బుస్సీ పేరు ముందరి ఫ్రెంచి గౌరవపదం 'మొస్యూ' మనవాళ్ల నోట పడి ఆయన మూసాబూసీ అయ్యాడు, అది వేరే సరదా.)

తామ్రపత్రం:
ఓర్మ్‌ని పక్కన పెడదాం. అంతమాత్రాన గర్జనలు నిజమైపోతాయా?

గుమ్మెట:
మా తాత ఈ కథ చెప్పేవాడండి. ఊళ్ల పేర్లూ సర్దార్ల పేర్లూ వచ్చినప్పుడు గుమ్మెటలు ఆగేవి, మాట నిదానించేది. కత్తి దూసే ఘట్టంలో మోత మోతే. ఏది నమ్మాలో, ఎక్కడ ఈల వెయ్యాలో జనానికి వేరే చెప్పక్కర్లేదు.

వేగావతి:
వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం 2001లో వేసిన పుస్తకంలో అన్నదీ దాదాపు ఇదే. కథా, కావ్యమా అని కాదు, రాత పోగు, అంటే దాని అల్లిక తీరు, చూడాలి. అది చరిత్రో కల్పనో ఆనాటి శ్రోత చెవి ఇట్టే పసిగట్టేది.

కోటగుమ్మం:
ఆనాటి చెవి, ఒప్పుకున్నాం. ఇప్పుడుందా ఆ చెవి? 1964 సినిమా చూసినవాళ్లకు అదే చరిత్ర. మాది విజయనగరం. రాత్రిపూట డేరాలో దూరి పొడిస్తే శౌర్యమా? మా రాజు వైపు నుంచి పాడిందెవరు?

గుమ్మెట:
మీవైపు ఊళ్లకొస్తే తాత ఆ డేరా ఘట్టాన్ని కుదించేసేవాడండి.

తామ్రపత్రం:
చూశారా! ఊరినిబట్టి మారేది చరిత్ర ఎలా అవుతుంది?

గుమ్మెట:
కుదించేవాడే గానీ, ఏ ఊళ్లోనూ తీసెయ్యలేదండి.