తండ్రి నడిపిన రైస్ మిల్లు బాధ్యత చేపట్టబోతున్నాను: యజమానికి తప్పనిసరిగా ఉండవలసిన గుణం ఏది?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి)

నమస్కారం. మా నాన్నగారు చాలా ఏళ్లుగా మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు నడుపుతున్నారు. వచ్చే వానాకాలం పంట మిల్లుకు చేరేనాటికి ఆ బాధ్యత పూర్తిగా నాకు అప్పగించాలని నిర్ణయించుకున్నారు. నేను కామర్స్ చదివి హైదరాబాదులో ఒక సంస్థ అకౌంట్స్ విభాగంలో పనిచేశాను కనుక లెక్కలు చూడగలనన్న ధైర్యం ఉంది. మిల్లింగ్ పని కూడా కొంతవరకు నేర్చుకున్నాను. అయితే నాన్నగారు ఆవరణలో అడుగుపెట్టగానే గుమస్తా మొదలుకొని హమాలీ మేస్త్రి వరకు అందరూ అప్రమత్తమవుతారు. నేను వెళ్తే ఆ మార్పేమీ కనిపించదు. నాయకత్వం గురించి ఎక్కడ చదివినా దూరదృష్టి, ఆత్మవిశ్వాసం, సాహసం, మాటనేర్పు అంటూ పెద్ద జాబితాలే ఉన్నాయి. అవన్నీ ఒకే మనిషిలో ఉండడం సాధ్యమని నాకు తోచడం లేదు. వ్యాపారం నిలబడి ఎదగాలంటే యజమానిలో తప్పనిసరిగా ఉండవలసిన గుణం ఏదో, దాన్ని అలవరచుకోవడం ఎలాగో అనుభవజ్ఞులు చెప్పగలరని కోరుతున్నాను.

మొదటి సమాధానం (విశ్రాంత బ్యాంకు అధికారి, ఖమ్మం)

నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం మిల్లులకు, జిన్నింగ్ ఫ్యాక్టరీలకు రుణాలు మంజూరు చేసే పనిలోనే గడిచింది. దరఖాస్తు పరిశీలించేటప్పుడు యజమాని మాటకారితనాన్ని గానీ చొరవను గానీ నేను పెద్దగా లెక్కలోకి తీసుకునేవాణ్ణి కాదు. తనకు ఇష్టంలేని అంకెను ఆయన ఎంత త్వరగా ఒప్పుకుంటాడు, ఎంత త్వరగా మాకు చెబుతాడు అన్నదే చూసేవాణ్ణి. నా దృష్టిలో మీరు అడిగిన గుణం అదే.

మీ వ్యాపారంలో దీనికి ప్రతి సీజనులోనూ పరీక్ష ఎదురవుతుంది. ప్రభుత్వం కస్టమ్ మిల్లింగుకు, అంటే బియ్యంగా ఆడించి తిరిగి అప్పగించడానికి, ఇచ్చిన ధాన్యం, మీరు సొంత డబ్బుతో కొన్న ధాన్యం ఒకే ఆవరణలో పక్కపక్కనే ఉంటాయి. ప్రభుత్వ ధాన్యంలో క్వింటాలుకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పగించాలి. గడువు దాకా ఆ ధాన్యం కళ్లముందే ఉంటుంది కాబట్టి, బయట ధర బాగున్నప్పుడు కొంత అమ్ముకుని తరవాత కొని పూడ్చవచ్చునన్న ఆలోచన వస్తుంది. బ్యాంకుకు ఇచ్చే స్టాకు స్టేట్‌మెంటులో దాన్ని కూడా సొంత సరుకుగా చూపి డ్రాయింగ్ పవర్ (సరుకు విలువను బట్టి బ్యాంకు వాడుకోనిచ్చే రుణ పరిమితి) పెంచుకోవాలన్న ఆలోచన దానికి తోడవుతుంది. నేను చూసిన ఒక మిల్లు ఇలాగే మూతబడింది. ఆ యజమాని కష్టజీవి, పనివాళ్లకు జీతం ఆపని మనిషి. ధర తగ్గాక కొందామని ఎదురుచూశాడు, ధర తగ్గలేదు. లోటు చిన్నదిగా ఉన్నప్పుడే చెప్పి ఉంటే రుణాన్ని సర్దుబాటు చేయడానికి మాకు మార్గాలుండేవి. ఆయన చెప్పేసరికి అధికారుల తనిఖీ కూడా అయిపోయింది.

ఇది చిన్న వ్యాపారాలకే పరిమితమైన సంగతి కాదు. 1987లో హైదరాబాదులో సత్యం సాఫ్ట్‌వేర్ సంస్థను స్థాపించిన రామలింగరాజు గారికి మీరు చెప్పిన జాబితాలోని దూరదృష్టి, సాహసం పుష్కలంగా ఉన్నాయి. 2009 జనవరి 7న ఆయన డైరెక్టర్ల బోర్డుకు రాసిన లేఖ ప్రకారం, ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవు. అసలు లాభానికీ పుస్తకాల్లో చూపిన లాభానికీ మధ్య మొదట స్వల్పంగా ఉన్న తేడా ఏళ్లు గడిచేకొద్దీ పెరిగిపోయిందని, పులి మీద స్వారీ చేస్తూ దాని నోట పడకుండా దిగడమెలాగో తెలియని స్థితి అదని ఆయనే రాశారు. ఆ లేఖను యువ పారిశ్రామికవేత్తలు శ్రద్ధగా చదవాలని నేను నిజంగా కోరుకుంటాను. అందులో వివరించిన పతనం పెద్ద కుట్రతో మొదలుకాలేదు, చిన్న తేడాను అప్పుడే ఒప్పుకోకపోవడంతో మొదలైంది.

రెండవ సమాధానం (ఔషధ పరిశ్రమ ఉద్యోగి, హైదరాబాద్)

బ్యాంకు అధికారి గారి మాటను గౌరవిస్తూనే, నిజాయితీ ఒక్కటే వ్యాపారాన్ని ముందుకు నడపదని మనవి చేస్తున్నాను. నిజాయితీపరులు నడిపిన సంస్థలు కూడా ఎన్నో మూతబడ్డాయి. మా రంగం నుంచి ఇద్దరిని పక్కపక్కన నిలిపి చూడండి.

1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన అంజిరెడ్డి గారు రసాయన ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ చేసినవారు, అంతకుముందు ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసినవారు; తన పని లోతుపాతులు ఆయనకు స్వయంగా తెలుసు. 1993లో శాంతా బయోటెక్నిక్స్‌ను ప్రారంభించిన వరప్రసాద్ రెడ్డి గారు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. జీవశాస్త్రం ఆయన చదువు కాదు. ఆయన ఆ విద్య తెలిసిన యువ శాస్త్రవేత్తలను చేరదీసి, మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తరవాత జీవశాస్త్ర పరిశోధనా కేంద్రమైన సీసీఎంబీలో చోటు సంపాదించి, నాలుగేళ్లు నిలిచి, 1997లో దేశంలోనే తయారైన హెపటైటిస్-బి టీకాను మార్కెట్లోకి తెచ్చారు. విదేశాల నుంచి వచ్చే టీకా సామాన్యుడికి అందని ధరలో ఉన్న రోజులవి.

ఒకరికి విషయ పరిజ్ఞానం ఉంది, మరొకరికి లేదు, ఇద్దరూ నెగ్గారు. ఇద్దరిలోనూ నాకు ఉమ్మడిగా కనిపించేది ఏమిటంటే, ఎంచుకున్న పనిలో ఫలితం ఆలస్యమైనా చెదరకపోవడం, ఆ ఆలస్యాన్ని భరించే ఏర్పాటు ముందుగానే చేసుకోవడం. కొత్త మందుల పరిశోధనలో అంజిరెడ్డి గారి సంస్థకు 2002లో గట్టి దెబ్బ తగిలింది. డెన్మార్క్‌కు చెందిన నోవో నార్డిస్క్‌కు లైసెన్సుగా ఇచ్చిన మధుమేహం మందుపై పరీక్షలు ఆగిపోయాయి. అయినా సంస్థ తట్టుకోగలిగింది, ఎందుకంటే జెనరిక్ మందుల (పేటెంటు గడువు తీరిన మందుల) వ్యాపారం రోజువారీ ఆదాయాన్ని తెచ్చిపెడుతూనే ఉంది. ఓర్పు అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు, ఓర్చుకోగలిగినంత డబ్బును వేరుగా ఉంచుకోవడం కూడా.

మూడవ సమాధానం (యూనిఫారాలు కుట్టే యూనిట్ నిర్వాహకురాలు, వరంగల్)

అన్నలిద్దరూ పెద్ద సంస్థల గురించి రాశారు. నేను మా కటింగ్ టేబుల్ గురించి రాస్తాను. బట్టను పొరలు పొరలుగా పరచి, పైన గీతలు గీసి, మిషనుతో ఒకేసారి కోస్తాము. గీతలో తేడా ఉంటే అన్ని పొరలూ పాడవుతాయి. కోయడానికి ముందు కటింగ్ మాస్టర్‌కు అనుమానం వస్తే, ఆ మాట నాతో చెప్పగలగాలి. గతంలో నేను పనిచేసిన ఒక యూనిట్‌లో యజమాని కేకలకు భయపడి ఎవరూ చెప్పేవారు కాదు. పాడైన బట్టను గోనె సంచుల్లో కుక్కి మూలన పెట్టేవారు.

అందువల్ల బ్యాంకు అధికారి గారు చెప్పిన గుణానికి ముందు మరొకటి ఉండాలని నా నమ్మకం: కోపాన్ని అదుపులో పెట్టుకోవడం. చెడు కబురు మీ వరకు రాకపోతే దాన్ని ఒప్పుకునే ప్రశ్నే ఉండదు. మీ నాన్నగారు రాగానే అందరూ అప్రమత్తమవుతారని రాశారు. అది గౌరవమో భయమో మీరు నెమ్మదిగా గమనించండి, తమ్ముడూ. మీ దగ్గర అప్రమత్తం కాకపోవడం మీకు లోటని తొందరపడి అనుకోకండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ కృతజ్ఞతలు. అక్కగారి మాట చదివాక ఒక సంగతి అర్థమైంది. పోయిన సీజనులో నూక శాతం పెరిగితే ధాన్యం నాణ్యత బాగాలేదని నాన్నగారికి చెప్పారు. ధాన్యం పొట్టు తీసే రబ్బరు రోల్స్ అరిగిపోయాయని ఆపరేటర్ నాతో మాత్రమే చెప్పాడు. నాన్నగారు ఇంకా మిల్లుకు వస్తూనే ఉంటారు. ఆయన మర్యాదకు భంగం కలగకుండా ఈ పద్ధతిని ఎలా మార్చాలి?

మొదటి సమాధానం రాసినవారు

ఆపరేటర్ మీతో చెప్పాడంటే మీకు కావలసిన ఆధారం అప్పుడే దొరికిందన్నమాట. రోజూ సాయంత్రం మిల్లింగ్ రిజిస్టరు తెరిచినప్పుడు ఎన్ని బస్తాలు ఆడాయని మొదట అడగకండి. నూక ఎంత వచ్చింది, ధాన్యంలో తేమ ఎంత ఉంది, మిషను ఎంతసేపు ఆగింది అని అడిగి, తరవాత ఉత్పత్తికి రండి. నాన్నగారిని కూడా ఆ సమయంలో కూర్చోమనండి. రోల్స్ మార్చిన తేదీ, మార్పుకు ముందు, తరవాత నూక శాతం పక్కపక్కనే రాసి ఉంటే ఎవరినీ తప్పుపట్టనవసరం లేకుండా ఆయనే చూసి గ్రహిస్తారు. అంతకాలం మిల్లు నడిపిన మనిషికి ఆ అంకెలు మీకంటే బాగా అర్థమవుతాయి. ఆయనకు కోపం వస్తే ఆపరేటర్ తరఫున జవాబు మీరే చెప్పండి. కస్టమ్ మిల్లింగ్ ధాన్యానికి వేరే రిజిస్టరు, వీలైతే వేరే గోదాము, సీజను మొదలయ్యేలోపే ఏర్పాటు చేసుకోండి. లారీలు బారులు తీరాక ఆ తీరిక ఉండదు.