ఫైబర్ పడవ మీది పాత రేడియం అక్షరాలు తీసేదెలా?

మాది తిరుపతి. తడలో ఉండే మా మామ పులికాట్ సరస్సులో తిప్పుకోవడానికి పాత ఫైబర్ పడవ కొన్నాడు. దాని పక్కన పాత ఓనర్ పేరు రేడియం స్టిక్కర్‌తో ఇంతింత అక్షరాల్లో ఉంది. ఎండకు పెళుసెక్కి, గోటితో గీకితే పొట్టులా రాలుతోందే తప్ప ఊడి రావట్లేదు. హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేస్తే (ఇంట్లో తిట్లు తిన్నాను లెండి) రెండక్షరాలు సాగుతూ వచ్చాయి కానీ జిగురు అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు దానికి దుమ్మంతా పట్టింది. కిరసనాయిలు సరిపోతుందా, థిన్నరే కావాలా? థిన్నర్ ఎక్కువసేపు ఉంటే పైనున్న జెల్‌కోట్ (ఫైబర్ మీది నున్నటి రంగు పొర) మెత్తబడుతుందని భయం. ఇనుప బ్లేడు పెట్టి గీతలు పడితే మామ ఊరుకోడు.

ఇంకోటి, స్టిక్కర్ పోయినచోట రంగు కొత్తగా, చుట్టూ వెలిసిపోయి పేరు ఇంకా చదవొచ్చు! రబ్బింగ్ కాంపౌండ్‌తో (రుద్ది మెరుపు తెచ్చే పేస్టు) రుద్దితే రంగు కలుస్తుందా, పెయింటే గతా? చేసినవాళ్లు చెప్పండి.